బాడీ మార్చినంత మాత్రాన ఫోకస్ కుదరదు

“ఫోకస్ తప్పుతోందా? బాడీ పాతబడిందన్నా, మార్చెయ్.” రైల్వే కోడూరు నుంచి కడప దాకా ఏ ఫోటో స్టూడియోలో కాసేపు కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. కెమెరాలమ్మే కొట్టువాడు ఇదే చెబుతాడు. యూట్యూబ్‌లో పెట్టెలు విప్పి చూపించేవాళ్లూ ఇదే చెబుతారు. తలంబ్రాల ఫోటోలో పెళ్లికూతురి కళ్లు మసకబారి, వెనక మండపానికి కట్టిన అరటిబోదె మీద గీతలు లెక్కపెట్టుకునేలా వచ్చాయంటే నేరం బాడీ మీదికే పోతుంది. ఆ తీర్పు నమ్మి మంగంపేట చుట్టుపక్కల కుర్రాళ్లు వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొత్త బాడీ కొంటున్నారు. కొని, దాని మూతికి మళ్లీ ఆ పాత జూమ్ లెన్సునే, అడాప్టర్ పెట్టి మరీ తగిలిస్తున్నారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే మసక. అప్పుడు కొట్టువాడు ఇంకా పై మోడల్ చూపిస్తాడు.

ఈ మాట వెనక ఉన్న సిద్ధాంతం ఒక్కటే: ఆటోఫోకస్ బాడీ చేసే పని, లెన్స్ ఒట్టి గాజు. ఇందులో కాస్త నిజం కలిసింది కాబట్టే ఇన్నేళ్లుగా చెల్లుబాటు అవుతోంది. మిగతాదంతా తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది ముహూర్తానికి ఇంత అని మాట్లాడుకుని, అర్ధరాత్రి దాకా నిలబడి తీసే చిన్న ఫోటోగ్రాఫరు కనుక దీన్ని గట్టిగానే ఖండించాలి.

ముందు ఆ ‘ఒట్టి గాజు’ సంగతి. ఓబులవారిపల్లె మండలంలో ఉన్నవాళ్లు ఈ మాట అనడం మరీ విడ్డూరం. మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చేతిలోకి తీసుకుంటే చూపుకన్నా బరువుండే ఈ రాయి బేరియం ఖనిజం. ఇక్కడి రాయిలో ఎక్కువ భాగం పొడిగా మారి చమురు బావులు తవ్వేచోటికి వెళుతుంది, అది వేరే కథ. కానీ 1880ల్లో జర్మనీలోని యేనా పట్టణంలో ఓటో షాట్, ఎర్న్‌స్ట్ అబ్బే కలిసి కొత్తరకం గాజులు కాచినప్పుడు, వాళ్ల చేతికి దొరికిన గొప్ప దినుసుల్లో ఒకటి ఈ బేరియమే. అప్పటిదాకా వెలుతురును బాగా వంచే గాజు కావాలంటే సీసం కలిపిన గాజే గతి. అది వెలుతురును వంచుతుంది గానీ రంగులుగా చీలుస్తుంది. బేరియం కలిపిన గాజు ఎక్కువ వంచి తక్కువ చీల్చింది. ఫోటో లెన్సు తీరే దాంతో మారిపోయింది. ఏ గాజు ఏ రంగును ఎక్కడ చేరుస్తుందన్నదే లెన్సు విద్య అంతా. ఫోకస్ అంటే కూడా అదేగదా. మరి గాజుకు ఫోకస్‌తో సంబంధం లేదనడం ఏం మాట?

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఆటోఫోకస్‌లో మూడు పనులున్నాయి: చూడటం, లెక్కగట్టడం, కదపడం. బాడీ సొంతంగా చేసేది నడిమి పని ఒక్కటే. చూడటానికి కావలసిన వెలుతురు లెన్స్ లోంచి రావాలి. లెక్క తేలాక కదలాల్సిన గాజులున్నది లెన్స్‌లో. ఇవాళ దాదాపు అన్ని కెమెరాల్లో వాటిని కదిపే మోటారు కూడా లెన్స్‌లోనే ఉంది.

మోటారు ఎక్కడుండాలన్న తగవు నలభై ఏళ్ల నాటిది. 1985లో మినోల్టా 7000 వచ్చినప్పుడు మోటారు బాడీలో ఉండేది. ఒక సన్నటి ఇరుసు లెన్స్‌లోకి దూరి మర తిప్పేది. రెండేళ్లకు, 1987లో, కెనాన్ తన పాత మౌంటును పక్కన పడేసి ఈఓఎస్ తెచ్చింది. అందులో మోటారును ప్రతి లెన్స్‌లోనూ పెట్టారు. పాత లెన్సులున్నవాళ్లు తిట్టిపోశారు. కానీ చివరికి గెలిచిందెవరు? బాడీ మోటారు మొదలుపెట్టిన మినోల్టా కూడా తర్వాత లెన్సులో మోటారు పెట్టింది. నికాన్ పెట్టింది. ఇప్పుడు సోనీ ఈ మౌంటు, నికాన్ జెడ్ మౌంటు, కెనాన్ ఆర్ఎఫ్ మౌంటు — ఏ బాడీలోనూ లెన్సును తిప్పే మోటారు లేదు. ఆటోఫోకస్ బాడీ పనే అయితే, ఆ బాడీలు చేసే కంపెనీలన్నీ మోటారును తీసి బయటెందుకు పెట్టినట్టు?

ఇది మనవాళ్లకు తెలియని సంగతి కూడా కాదు. నికాన్ 2006లో డీ40 నుంచి చవక బాడీల్లో మోటారు తీసేసింది. డీ3100, డీ5200 లాంటివి మన జిల్లాల్లో ఎన్ని స్టూడియోల్లో ఉన్నాయో చెప్పక్కర్లేదు. వాటికి చవగ్గా దొరికిందని 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్సు కొన్నవాళ్లకు ఆటోఫోకస్ అసలు పనిచెయ్యలేదు. చేత్తో తిప్పుకోవాల్సి వచ్చింది. ఆరోజు కూడా “బాడీ పాడైంది” అని తిరిగిచ్చినవాళ్లున్నారు. బాడీ బాగానే ఉంది. ఆ లెన్సులో మోటారు లేదు, అంతే.

మోటారు ఉన్నంత మాత్రాన అయిపోదు. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 రెండో తరం, 1990 నాటిది, ప్లాస్టిక్ ఒంటిది, మన దేశంలో బహుశా ప్రతి పెళ్లి ఫోటోగ్రాఫరూ ఒకప్పుడు వాడినది. అందులో ఉన్నది చిన్న మామూలు మోటారు, దానికి పళ్ల చక్రాలు. చక్రాల మధ్య కొంచెం వదులు ఉంటుంది. ఇటు తిరిగి అటు తిరిగేటప్పుడు ఆ వదులంత పని వృథా అవుతుంది. బాడీ “ఇంత జరుపు” అని ఎంత కచ్చితంగా చెప్పినా, జరిగేది ఆ చక్రాల దయ. 2015లో అదే లెన్సును స్టెప్పింగ్ మోటారుతో కొత్తగా చేశారు. అదే 50, అదే 1.8. పాత బాడీ మీదే రెండింటినీ మార్చి మార్చి పెట్టి, మసక వెలుతురులో పదేసి ఫోటోలు తీసి చూడండి. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ఎంత కచ్చితత్వం కావాలో ఒకసారి లెక్క వేద్దాం. ఫుల్ ఫ్రేమ్ బాడీ, 85 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.8, పెళ్లికూతురు రెండు మీటర్ల దూరంలో. పదునుగా కనబడే లోతు మొత్తం సుమారు 6 సెంటీమీటర్లు. ముక్కుపుడక మీద ఫోకస్ పడితే కళ్లు ఆ లోతు అంచుకు చేరతాయి. చెవి జుంకీలు ఎప్పుడో బయటికి పోయాయి. ఈ 6 సెంటీమీటర్లు లోపల సెన్సార్ దగ్గరికి వచ్చేసరికి మిల్లీమీటరులో పదో వంతు. ఆ సందులో బింబం వచ్చి నిలబడాలి. నిలబెట్టేది బాడీలోని చిప్పు కాదు, లెన్సు లోపల జారే గాజుల కట్ట.

ఇక వెలుతురు. ఫేజ్ పద్ధతి ఆటోఫోకస్‌లో లెన్సు రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి చూస్తారు. మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టే తీరే ఇది. కళ్లు ఎంత ఎడంగా ఉంటే అంచనా అంత బాగా కుదురుతుంది. ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే జూమ్ లెన్సుకు ఆ ఎడం తక్కువ. ఎఫ్ 2.8 లెన్సుకు రెట్టింపు. అందుకే మంచి డీఎస్‌ఎల్‌ఆర్ బాడీల్లో ఎఫ్ 2.8, అంతకన్నా పెద్దగా తెరుచుకునే లెన్సులు తగిలిస్తేనే మేలుకునే సెన్సార్లు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. చిన్న లెన్సు పెడితే అవి నిద్రపోతాయి. అంటే డబ్బు పెట్టి కొన్న బాడీలో కొంత భాగాన్ని లెన్సు మూసేసినట్టే.

“నేను ఎలాగూ ఎఫ్ 8లో తీస్తా, నాకు 2.8 ఎందుకబ్బా?” అని అడిగేవాళ్లు చాలామంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఎఫ్ 8 పెట్టుకున్నా, మీట నొక్కే క్షణం వరకూ లెన్సు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. ఫోకస్ ఆ పూర్తి తెరుపుతోనే జరుగుతుంది. ఎఫ్ 8 వచ్చేది ఫోటో పడే ముందు రెప్పపాటులో. కాబట్టి ఎఫ్ 8లో తీసేవాడికి కూడా పెద్ద లెన్సు వల్ల ఫోకస్ లాభం ఉంది.

ఒంటిమిట్టలో చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. భద్రాచలంలో రాముడి కల్యాణం పగలు జరిగితే, ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రి, పండువెన్నెల్లో. ఫోటో తీసేవాళ్లను దూరంగా నిలబెడతారు. ఒకాయన చేతిలో 70-300 జూమ్, చివరి కొసన ఎఫ్ 5.6. పక్కనున్నాయన దగ్గర 70-200 ఎఫ్ 2.8. ఆ ఇద్దరి బాడీలూ ఒకటే కావచ్చు. రెండో ఆయన లెన్సులోంచి నాలుగు రెట్లు వెలుతురు వస్తోంది. మొదటాయన లెన్సు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ ఉండగానే సీతమ్మకు మంగళసూత్రధారణ అయిపోతుంది. ఇంటికొచ్చి ఆయన తిట్టుకునేది బాడీని.

“అదంతా డీఎస్‌ఎల్‌ఆర్ రోజుల మాట. మిర్రర్‌లెస్ వచ్చింది, ఫోకస్ సెన్సార్ మీదే జరుగుతుంది, ఇక లెన్సు గోల లేదు” — ఇది ఎదుటివాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. ఇందులో నిజముంది, ఒప్పుకోవాలి. అద్దం ఉన్న కెమెరాలో ఫోకస్ చూసే సెన్సార్ వేరు, ఫోటో పడే సెన్సార్ వేరు. రెండింటి దూరాల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా ప్రతి ఫోటో ఒకే వైపుకు తప్పేది. మిర్రర్‌లెస్‌లో ఆ తేడా పోయింది. కెనాన్ 2013లో 70డీలో తెచ్చిన డ్యుయల్ పిక్సెల్ పద్ధతి నిజంగా పెద్ద అడుగు.

అయితే అదే కంపెనీ పుస్తకంలో అడుగున చిన్న అక్షరాలు చదవండి. 2018లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్ చీకట్లో ఈవీ (వెలుతురు కొలత) మైనస్ 6 వరకు ఫోకస్ చేస్తుందని గొప్పగా ప్రకటించారు. ఆ లెక్క ఎఫ్ 1.2 లెన్సుతో వేసింది. సోనీ ఏ7 త్రీ ఈవీ మైనస్ 3 అన్నారు, అది ఎఫ్ 2 లెన్సుతో. మనవాడు ఆర్ బాడీ కొని దానికి 24-105 ఎఫ్ 4-7.1 జూమ్ తగిలిస్తాడు. కొసన ఎఫ్ 7.1 దగ్గర వచ్చే వెలుతురు, కంపెనీ పరీక్షించిన ఎఫ్ 1.2 లెన్సుతో పోలిస్తే ముప్పై అయిదో వంతు. ప్రకటనలో చూసిన చీకటి శక్తి అతని చేతికి ఎలా వస్తుంది? కంపెనీ అబద్ధం చెప్పలేదు. షరతును అడుగున చెప్పింది. అమ్మేవాడు పైది మాత్రమే చదివి వినిపించాడు.

పాయింట్ల లెక్క కూడా ఇలాంటిదే. 61 పాయింట్లు, 153 పాయింట్లు, 693 పాయింట్లు అని కొట్లో పాట. 2012లో వచ్చిన 5డీ మార్క్ త్రీకి 61 పాయింట్లున్నాయి. దాని వాడకం పుస్తకంలోనే కెనాన్ తన లెన్సులను ఏ నుంచి హెచ్ వరకు వర్గాలుగా విడగొట్టి, ఏ వర్గం లెన్సు పెడితే ఎన్ని పాయింట్లు ఏ తీరున పనిచేస్తాయో పేజీలకు పేజీలు రాసింది. కొన్ని లెన్సులతో 61 పాయింట్లూ రావు. ఎఫ్ 8 లెన్సుతో మొదట్లో ఒక్కటీ పనిచేసేది కాదు, 2013లో ఫర్మ్‌వేర్ ఇచ్చాక నడిమి పాయింటు పనిచేసింది. ఆ పుస్తకం పెట్టె అడుగునే ఉంటుంది. ఎవరూ తియ్యరు.

“కంటిని పట్టుకునే తెలివి బాడీలో వచ్చిందిగా?” అవును, వచ్చింది. కన్ను ఎక్కడుందో కనిపెట్టడంలో కొత్త బాడీలకు తిరుగులేదు. కానీ ఎక్కడ చూడాలో తెలియడం వేరు, అక్కడికి గాజు చేరడం వేరు. పెళ్లికొడుకు ఊరేగింపులో ఎదురొస్తుంటే కన్ను చుట్టూ చదరం అతుక్కునే ఉంటుంది, లెన్సు మాత్రం ఒక అడుగు వెనక నడుస్తుంది. చదరం కనబడింది గనక ఫోకస్ కుదిరిందనుకుంటాం.

ఇంకో సాక్ష్యం. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో లెన్సులు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ సంస్థను పెట్టిన రోజర్ సికాలా 2012లో కెనాన్ బాడీలను, లెన్సులను కలిపి కలిపి పరీక్షించాడు. అప్పటి కొత్త 5డీ మార్క్ త్రీకి పాత లెన్సులు తగిలిస్తే ఫోకస్ కచ్చితత్వం పాత బాడీల స్థాయిలోనే ఉంది. కొత్తగా వచ్చిన లెన్సులు తగిలిస్తేనే మెరుగైంది. ఆ కొత్త లెన్సులు పాత బాడీల మీద ఆ మెరుగు చూపలేదు. అంటే రెండూ కావాలి. నా వాదన కూడా ఇంతే: లెన్సు ఒక్కటే అంతా అని నేననను. బాడీ ఒక్కటే అంతా అనేవాడికి మాత్రం అమ్మకంలో వాటా ఉందేమో అడగండి.

లెన్సు చేసే ఇంకో చిత్రం చాలామంది గమనించరు. గుండ్రటి గాజు నడిమి భాగం ఒకచోట, అంచులు మరోచోట కిరణాలను చేర్చడం సహజం. ఎక్కువ ఖరీదు పెట్టి దీన్ని తగ్గిస్తారు గానీ పూర్తిగా పోదు. అందుకే కొన్ని పెద్ద లెన్సుల్లో ఎఫ్ మారిస్తే ఫోకస్ పడే చోటే జరిగిపోతుంది. కెనాన్ పాత 50 ఎంఎం ఎఫ్ 1.2 ఎల్ దీనికి పేరుమోసింది, అంత ఖరీదైనదై ఉండీ. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ సెన్సార్ లెన్సులో కొంత భాగాన్నే చూస్తుంది, ఫోటో మొత్తం గాజుతో పడుతుంది. ఈ తేడాను సరిచేసే అంకెలు లెన్సు చిప్పులో ఉంటాయి. బయటి కంపెనీ లెన్సులో ఆ అంకెలు సరిగ్గా కుదరకపోతే బాడీ నిజాయితీగానే లెక్కగట్టి తప్పుచోటికి పంపుతుంది. దీపాల రంగూ ఇందులో వేలు పెడుతుంది. పసుపు బల్బుల కింద ఒకలా, తెల్ల ఎల్ఈడీ కింద ఒకలా తప్పే లెన్సులున్నాయి, ఎందుకంటే ఒక్కో రంగును గాజు ఒక్కోచోట చేరుస్తుంది. షాట్, అబ్బే కాచిన గాజు కథ మళ్లీ ఇక్కడికే వచ్చింది.

బాడీలవాళ్ల దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటుంది. 2007లో కెనాన్ 1డీ మార్క్ త్రీలోనూ, నికాన్ డీ3, డీ300ల్లోనూ ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో సవరించుకునే వీలు పెట్టారు. ఆ సవరణను బాడీ ప్రతి లెన్సుకూ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. తప్పు బాడీదే అయితే అన్ని లెన్సులకూ కలిపి ఒక్క అంకె చాలదా? లెన్సుకో అంకె ఎందుకు? సిగ్మా కంపెనీ 2013లో ఇంకో అడుగు వేసి, లెన్సునే కంప్యూటరుకు తగిలించే చిన్న డాక్ అమ్మింది. దాంతో జూమ్ లెన్సుకు నాలుగు జూమ్ స్థానాల్లో, ఒక్కోచోట నాలుగు దూరాల్లో, మొత్తం 16 చోట్ల విడివిడిగా సవరించుకోవచ్చు. ఒకే బాడీ మీద, ఒకే లెన్సు, దగ్గర ఒకలా దూరం ఒకలా తప్పుతుందని లెన్సు చేసినవాడే చేతిలో పనిముట్టు పెట్టి మరీ ఒప్పుకున్నాడు.

మన ప్రాంతానికి ఇంకో తంటా ఉంది. కోస్తా వాళ్ల లెన్సులకు తేమవల్ల ఫంగస్ పడుతుంది. మనకు ఆ బాధ తక్కువ. మనకు దుమ్ము. ముగ్గురాయి మిల్లుల పక్క రోడ్డు మీద ఊరేగింపు తీసినవాడి లెన్సు వెనక ఉండే బంగారు పూత బొడిపెలు చూడండి. బాడీ, లెన్సూ మాట్లాడుకునేది వాటి మీదుగానే. అవి మురికిపడితే కెనాన్‌లో ‘ఎర్రర్ 01’ వస్తుంది. దాని కింద లెన్సు కాంటాక్టులు తుడవమనే రాసి ఉంటుంది. మెత్తటి పొడి గుడ్డతో పోయే పనికి బాడీ అమ్ముకున్న కథలు విన్నాను. లెన్సు ముందు రక్షణ పేరుతో బిగించే చవకరకం ఫిల్టరు కూడా టెలి జూముల మీద ఫోకస్‌ను చెడగొడుతుంది. ముందు దాన్ని విప్పి చూడాలి.

ఎవరి తప్పూ కాని చోట్లు కూడా ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడులో మిట్టమధ్యాహ్నం గడ్డిమైదానం మీద కృష్ణజింకను పెద్ద లెన్సుతో తీస్తే, గాలి కాగి అలలు అలలుగా లేస్తుంది. అక్కడ లక్షల లెన్సూ, లక్షల బాడీ రెండూ ఓడిపోతాయి. మంగంపేట గని అంచున నిలబడి వేసవిలో అడుగున తిరిగే టిప్పర్లను తీసినా అంతే. తెల్లవారుజామునే పోవాలి. తెల్ల పంచె మీదో, సున్నం గోడ మీదో పాయింటు పెడితే ఏ కెమెరా అయినా తడబడుతుంది, పట్టుకోవడానికి అక్కడ గీత లేదు. ఇక మసక ఫోటోల్లో చాలావాటికి అసలు ఫోకస్‌తో సంబంధమే లేదు. సెకనులో ముప్పయ్యో వంతు పెట్టి, చెయ్యి కదిలించి, ఫోకస్ తప్పిందంటారు.

కాబట్టి అప్పు చెయ్యబోయే తమ్ముళ్లకు నా మాట. ఉన్న కెమెరాను స్టాండు మీద పెట్టండి. ఒక పేపరును ఏటవాలుగా ఆనించి, ఒక వార్త శీర్షిక మీద పాయింటు పెట్టి, ప్రతిసారీ ఫోకస్‌ను చెడగొట్టి మళ్లీ పట్టించి పది ఫోటోలు తియ్యండి. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, మరో పది. లైవ్ వ్యూలో బాగుండి, మామూలుగా తీసినవన్నీ ఒకే వైపుకు ఒకే అంత తప్పితే, అది సవరణతో పోయే జబ్బు. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు చెల్లాచెదురుగా తప్పితే లెన్సు మోటారును, దాని ఎఫ్ అంకెను అనుమానించండి. రెండు తీర్లలోనూ మసకే వస్తే లెన్సు గాజు చూపించుకోవాలి. ఆ తర్వాత కడపలోనో తిరుపతిలోనో ఒక రోజుకు ఎఫ్ 1.8 దో, 2.8 దో మంచి లెన్సు అద్దెకు తెచ్చి అదే బాడీకి తగిలించి, ఒక రాత్రి పెళ్లి తీసి చూడండి. దాంతోనూ కుదరకపోతే అప్పుడు బాడీ కొనండి. ఆ అద్దె కొత్త బాడీ మీద కట్టే ఒక నెల వాయిదాలో చిన్న ముక్క.